ముందు చక్రం బేరింగు ఇంట్లోనే మార్చడం: ప్రెస్ లేకపోతే ఎలా, ఏ రింగు మీద బలం పెట్టాలి?

#1 పానాపెట్టె

ముందు చక్రాలకి డ్రైవ్ ఉన్న కారు. గంటకు 40 కి.మీ. దాటగానే ముందువైపు నుంచి గూఁ అని మోత మొదలవుతుంది. 80 చేరేసరికి పక్కవాళ్ల మాట కూడా సరిగా వినపడదు. క్లచ్ తొక్కి ఇంజిన్‌ని ఐడిల్‌కి దించినా మోత అలాగే ఉంటుంది, బండి నెమ్మదిస్తేనే తగ్గుతుంది. అందుకే బేరింగు మీద అనుమానం.

ఇది నకిల్‌లోకి (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే లోహపు దిమ్మ) బిగుతుగా దిగే రెండు వరసల బాల్ బేరింగు. హైడ్రాలిక్ ప్రెస్ లేదు. జాకీ, రెండు స్టాండ్లు, టార్క్ రెంచి, పొడుగు బ్రేకర్ బార్, సాకెట్ సెట్ ఉన్నాయి.

ఏ వైపుదో విప్పకముందే ఖాయం చేసుకోవడం ఎలా? ప్రెస్ లేకుండా ఎక్కిస్తే కొత్త బేరింగు పాడవకుండా ఉంటుందా? పని మధ్యలో ఆగిపోకుండా ముందే ఏమేం తెచ్చి పెట్టుకోవాలి?

#2 గ్రీజుగన్

ముందు టైర్ల సంగతి తేల్చండి. ట్రెడ్ మీద గుంటలు పడి ఎగుడుదిగుడుగా అరిగిన టైరు సరిగ్గా ఇలాగే మోగుతుంది, అనవసరంగా బేరింగు మార్చేవాళ్లలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ట్రెడ్ మీద అరచేయి ముందుకూ వెనక్కూ రాసి చూడండి. ఒక దిక్కులో నున్నగా, ఇంకో దిక్కులో రంపపు పళ్లలా తగిలితే టైరునే అనుమానించాలి. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి తిప్పి చూస్తే టైరుదైతే మోత కూడా వెనక్కి పోతుంది. బేరింగు మోత అయితే ఉన్నచోటే ఉంటుంది.

టైరు కాదని తేలాక మలుపు పరీక్ష. ఖాళీగా, వెడల్పుగా ఉన్న చోట 60 దగ్గర వేగం నిలిపి స్టీరింగ్‌ని మెల్లగా అటూ ఇటూ ఊపండి. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడి బేరింగు, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమ బేరింగు. ఇది నూటికి నూరుపాళ్లు నమ్మదగింది కాదు. రెండు వరసల్లో ఏ వరస చెడిందన్న దాన్నిబట్టి ఒక్కోసారి తారుమారవుతుంది. రెండో సాక్ష్యం లేకుండా విప్పొద్దు.

ఆ రెండో సాక్ష్యం స్ప్రింగు చెబుతుంది. ముందు చక్రాలు రెండూ పైకి లేపి స్టాండ్ల మీద పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఒక చేత్తో సస్పెన్షన్ స్ప్రింగుని పట్టుకుని రెండో చేత్తో చక్రాన్ని గట్టిగా తిప్పండి. చెడిన బేరింగు ఉన్నవైపు స్ప్రింగులో ఇసుక మీద ఏదో దొర్లుతున్నట్టు జివ్వుమని తెలుస్తుంది. చెవికి వినపడనిది కూడా వేళ్లకి తెలిసిపోతుంది. రెండు వైపులా చేసి పోల్చుకోవాలి, ఒక్క వైపే చూస్తే ఏది మామూలో తెలియదు.

#3 టార్క్‌రెంచి

గ్రీజుగన్ గారు చెప్పినదానికి ప్లే (వదులు) పరీక్ష కలుపుతున్నా. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. టకటకమంటే వెంటనే బేరింగు అనుకోకండి, బాల్ జాయింటు (నకిల్‌ని కింది ఆర్మ్‌కి కలిపే కీలు) అరిగినా అలాగే ఊగుతుంది. ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కితే డిస్కూ నకిలూ ఒకటైపోతాయి కాబట్టి బేరింగు ప్లే మాయమవుతుంది. ఇంకా ఊగుతుంటే లూజు బాల్ జాయింటులోనో, కింది ఆర్మ్ బుష్‌లోనో ఉంది. పక్కల పట్టుకుని ఊపినప్పుడే ఊగి, పైనా కిందా పట్టుకుంటే ఊగకపోతే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చివరి కీలు) చూడండి.

ప్లే లేకపోతే బేరింగు బాగున్నట్టు కాదు, ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ రకం బేరింగుల్లో రేసు (గోళీలు దొర్లే దారి) మీద పొక్కులు లేచి మోత మొదలైన చాలా కాలానికి గాని చేతికి తెలిసేంత ప్లే రాదు. ప్లే వచ్చేదాకా ఆగడం ప్రమాదం.

బండిని గాల్లో లేపి ఇంజిన్‌తో చక్రాలు తిప్పి వినే పని చేయకండి. సస్పెన్షన్ పూర్తిగా వేలాడినప్పుడు సీవీ జాయింటు (డ్రైవ్ షాఫ్ట్ చివరి కీలు) కోణం పెరిగి అదే మోగుతుంది, పైగా స్టాండ్ల మీద బండి కదిలే ప్రమాదం.

#4 మైక్రాన్

తేవాల్సిన వాటి గురించి. కారు మోడల్ పేరు చెప్పి బేరింగు తెచ్చుకోవడం సగం సమాచారమే. ఒకే మోడల్‌లో ఏబీఎస్ ఉన్నదానికీ లేనిదానికీ బేరింగు వేరు కావచ్చు. బేరింగు మీద చెక్కిన నంబరే అసలు పేరు. డీఏసీ అని మొదలయ్యే నంబర్లలో కొలతలు అందులోనే ఉంటాయి. డీఏసీ 40740040 అంటే లోపలి వ్యాసం 40, బయటి వ్యాసం 74, వెడల్పు 40 మి.మీ. డీఏసీ 39720037 అంటే 39, 72, 37. ఒక్క మి.మీ. తేడా ఉన్నవి చూపుకి ఒకేలా ఉంటాయి. కొత్తది చేతికి రాగానే వెర్నియర్‌తో మూడు కొలతలూ తీసి చూసుకున్నాకే పాతది విప్పండి.

బేరింగుతో పాటు ఖచ్చితంగా కొత్తవి కావాల్సినవి: డ్రైవ్ షాఫ్ట్ చివరి నట్టు, బేరింగుని ఆపే సర్క్లిప్, బాల్ జాయింటు బిగించే సెల్ఫ్ లాక్ నట్టు, టై రాడ్‌కి స్ప్లిట్ పిన్ ఉంటే అది. కిట్‌గా వస్తే నట్టూ సర్క్లిప్పూ పెట్టెలోనే ఉంటాయి. లేకపోతే అడిగి తీసుకోండి. పాత నట్టు లాక్ ఒకసారి వంచినది, రెండోసారి అదే చోట వంచితే పట్టు ఉండదు.

సాకెట్లలో ఆ పెద్ద నట్టుకి సాధారణంగా 30, 32 లేదా 36 మి.మీ. కావాలి. ఆరు మూలలదే తీసుకోండి. పన్నెండు మూలలది ఆ బలానికి నట్టు అంచులు కొరికేస్తుంది.

#5 నాలుగోగేరు

పక్కనుంచి ఒక ముక్క. చదువుతున్నవాళ్లలో కొందరి కార్లకి బోల్టులతో బిగించే హబ్బు యూనిట్ (చక్రం బిగించే హబ్బూ బేరింగూ కలిసిన ముక్క) ఉంటుంది. నకిల్ వెనక నుంచి మూడో నాలుగో బోల్టులు హబ్బు వైపుకి వెళ్తుంటే అదే. దానికి ప్రెస్ గొడవే లేదు. నట్టు, కాలిపర్ (బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం), డిస్కు, ఆ బోల్టులు విప్పి యూనిట్ మొత్తం తీసి కొత్తది పెట్టడమే. తుప్పుతో నకిల్‌కి పట్టేస్తే బోల్టులు నాలుగైదు చుట్లు వదులు చేసి, బోల్టు తల మీద సాకెట్ పెట్టి వెనక నుంచి ఒకదాని తర్వాత ఒకటి కొడుతూ రావాలి. కొత్తది పెట్టేముందు నకిల్‌లో ఆ గూడు బోసి లోహం కనిపించేదాకా వైర్ బ్రష్‌తో రుద్దండి. మిగిలిన చర్చ ప్రెస్ రకం గురించే.

#6 పానాపెట్టె

టైర్లు మార్చి చూస్తే మోత ముందే ఉంది. ఎడమ మలుపులో పెరుగుతోంది, కుడి స్ప్రింగులో జివ్వుమంటోంది. కుడి వైపే. నంబరు సరిపోయిన బేరింగు కిట్, 32 సాకెట్ సిద్ధం. విప్పే వరస చెప్పండి.

#7 టార్క్‌రెంచి

చక్రాలు నేల మీద ఉండగానే పని మొదలవుతుంది. హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకి ముందూ వెనకా అడ్డు దిమ్మలు పెట్టండి. చక్రం మధ్య మూత తీస్తే పెద్ద నట్టు కనిపిస్తుంది. నట్టు అంచుని షాఫ్ట్ గాడిలోకి నొక్కి లాక్ చేసి ఉంటే సన్నని ఉలితో ఆ అంచుని పూర్తిగా పైకి లేపండి. లేపకుండా తిప్పితే షాఫ్ట్ మర గీసుకుపోతుంది, దానికి మందు షాఫ్ట్ మార్చడమే. ఒకరు బ్రేకు తొక్కి పట్టగా బ్రేకర్ బార్‌తో నట్టుని అర చుట్టు వదులు చేయండి, అంతే. నేల మీద ఉండగా నట్టు మొత్తం తీయకండి. ఈ బేరింగు లోపలి రింగు రెండు ముక్కలు, వాటిని కలిపి పట్టి ఉంచేది ఆ నట్టే. అది లేకుండా బండి బరువు పడినా, బండిని అంగుళం తోసినా బేరింగు విడిపోవచ్చు.

చక్రం నట్లు కూడా కాస్త వదులు చేసి, జాకీతో లేపి, స్టాండు మీద దించి, బండిని చేత్తో ఊపి కదలట్లేదని చూసుకోండి. జాకీ ఒక్కదాన్నీ నమ్మి చక్రం తీయకండి. తీసిన చక్రాన్ని బండి గుమ్మం కిందకి తోసి పెడితే ఇంకో భద్రత.

తర్వాత వరస. కాలిపర్ బ్రాకెట్ రెండు బోల్టులు విప్పి, ప్యాడ్లతో సహా మొత్తం తీసి వైరుతో స్ప్రింగుకి వేలాడదీయండి, హోస్ మీద బరువు పడకూడదు. డిస్కుని ఆపిన చిన్న స్క్రూ తీసి డిస్కు తీయండి. ఏబీఎస్ సెన్సర్ బోల్టు. టై రాడ్ ఎండ్. కింది బాల్ జాయింటు. చివరికి స్ట్రట్‌కి (స్ప్రింగు ఉన్న షాక్ అబ్జార్బర్ స్తంభం) నకిల్ బిగించిన రెండు బోల్టులు. వీటిని తీసేముందు బోల్టు తల చుట్టూ, నకిల్ అంచు వెంబడి సూదిమొనతో గీత గీయండి. చాలా కార్లలో ఆ రంధ్రాల్లో ఉన్న కొద్దిపాటి సందే క్యాంబర్‌ని (చక్రం నిలువు వాలుని) నిర్ణయిస్తుంది, మళ్లీ ఆ గీతలకే కలపాలి.

షాఫ్ట్‌ని హబ్బులోంచి తోసేటప్పుడు నట్టు షాఫ్ట్ చివరికి సమానంగా వచ్చేదాకా తిప్పి ఉంచి, దాని మీద ఇత్తడి కడ్డీ పెట్టి కొట్టండి. ఉత్త మర మీద సుత్తి పడితే చివర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. షాఫ్ట్ బయటికి వచ్చాక దాన్ని వేలాడనివ్వొద్దు, బయటికి లాగొద్దు. గేర్‌బాక్స్ వైపు జాయింటు లోపల రోలర్లు గూట్లోంచి జారితే బూటు విప్పి మళ్లీ కూర్చోబెట్టాల్సి వస్తుంది. తాడుతో అడ్డంగా కట్టేయండి.

#8 తుప్పువదిలించు

పైన చెప్పిన వరసలో మూడు చోట్ల పని ఆగుతుంది.

ఏబీఎస్ సెన్సర్: ప్లాస్టిక్ ఒళ్లు తుప్పుతో నకిల్ రంధ్రంలో బిగుసుకుపోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే తల ఊడి వస్తుంది, మిగతాది లోపలే ఉండిపోతుంది. చుట్టూ తుప్పు వదిలించే నూనె కొట్టి కాసేపు ఆగి, ఎత్తకుండా అటూ ఇటూ తిప్పుతూ తీయండి. తిరగకపోతే వదిలేయండి, కనెక్టర్ దగ్గర ఊడదీసి నకిల్‌తో పాటే బయటికి తెచ్చుకోవచ్చు. ప్రెస్ చేసేటప్పుడు దానికి దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలు.

టై రాడ్, బాల్ జాయింటుల టేపర్ (సన్నబడుతూ వెళ్లి బిగుసుకునే చివర): ఫోర్కులా ఉండే పరికరం పెట్టి కొడితే రబ్బరు బూటు చిరుగుతుంది. చిరిగిన బూటులోకి నీళ్లూ దుమ్మూ పోయి కొద్ది నెలల్లో జాయింటు పోతుంది. స్క్రూతో నొక్కే పుల్లర్ వాడండి. నట్టుని పూర్తిగా తీయకుండా రెండు మూడు మరల మీద ఉంచి పుల్లర్ బిగించి, నకిల్ చెవి పక్కన సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే టక్కున వదులుతుంది.

షాఫ్ట్ పళ్లు హబ్బులో పట్టేస్తే: ఒకటి రెండు దెబ్బలకి కదలకపోతే కొట్టడం ఆపి, హబ్బు స్టడ్లకి పట్టే పుల్లర్‌తో తోయండి. ఇంకా గట్టిగా కొట్టినకొద్దీ ఆ దెబ్బ లోపలి జాయింటుకి పోతుంది.

#9 కొత్తచేతి

నకిల్ బండి మీద ఉంచే మార్చొచ్చని అంటారు కదా, ఇన్ని విప్పడం అవసరమా? స్లైడ్ హ్యామర్‌తో హబ్బు లాగి, మర కడ్డీతో కొత్త బేరింగు లాగేస్తే అలైన్‌మెంట్ కూడా చెడదు.

#10 గ్రీజుగన్

చెయ్యొచ్చు. టై రాడ్, బాల్ జాయింటు వదిలి నకిల్‌ని పక్కకి తిప్పితే షాఫ్ట్ బయటికి వస్తుంది, స్ట్రట్ బోల్టులు ముట్టుకోనక్కరలేదు. క్యాంబర్ కదలదు. సరిపోయే కప్పులూ పళ్లేలూ ఉన్న కిట్ చేతిలో ఉంటే నా ఓటు దీనికే.

#11 మైక్రాన్

నాది రెండో వైపు. మొదటిసారి చేసేవాళ్లు నకిల్‌ని బల్ల మీదకి తెచ్చుకుంటేనే మంచిది. బేరింగు గూడు శుభ్రంగా కనిపిస్తుంది, సర్క్లిప్ గాడి తుడవడానికి వీలుంటుంది, కొత్త బేరింగు వంకరగా దిగుతుంటే మొదటి రెండు మి.మీ.లోనే కంటికి తెలుస్తుంది. చక్రం గూట్లో దూరి చేసేటప్పుడు ఆ వంకర చివరిదాకా కనపడదు. స్ట్రట్ బోల్టులకి గీతలు పెట్టుకున్నాక క్యాంబర్ భయం చాలావరకు తగ్గుతుంది.

ఎక్కడ చేసినా సూత్రం ఒకటే. కొత్త బేరింగులో బలం ఎప్పుడూ గోళీల గుండా పోకూడదు. ఏ రింగు బిగుతుగా దిగుతోందో ఆ రింగు మీదే నొక్కాలి.

నకిల్ గూట్లోకి బేరింగు దింపేటప్పుడు బిగుతు బయటి రింగుది. నొక్కే పళ్లెం బయటి రింగు అంచు మీదే ఆనాలి, లోపలి రింగుకీ సీలుకీ తగలకూడదు. 74 మి.మీ. బేరింగుకి 72 లేదా 73 మి.మీ. బయటి వ్యాసం ఉన్న, మధ్యలో బోలుగా ఉండే కప్పు సరిపోతుంది. గూడు లోపలి అంచుకి తగలకుండా ఉండాలి కాబట్టి 74కి మించొద్దు.

తర్వాత హబ్బుని బేరింగులోకి దింపేటప్పుడు బిగుతు లోపలి రింగుది. హబ్బు మీద నుంచి నొక్కుతూ, అవతలి వైపు లోపలి రింగు కింద ఆధారం ఇవ్వాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఈ రెండో అడుగులో. నకిల్‌ని బల్ల మీద పెట్టి హబ్బుని పైనుంచి నొక్కేస్తారు. అప్పుడు ఆ టన్నుల బలమంతా లోపలి రింగు నుంచి గోళీల మీదుగా బయటి రింగుకి, అక్కడి నుంచి నకిల్‌కి పోతుంది. గోళీ ఆనిన ప్రతిచోటా రేసు మీద కంటికి కనపడనంత గుంట పడుతుంది. బండి మొదటి రోజే మోగుతుంది, లేదా కొన్ని వేల కి.మీ.కి మళ్లీ మొదటికే వస్తుంది. కంపెనీ సరుకు నాసిరకమని తిట్టే చాలా బేరింగులు నిజానికి ఎక్కించే రోజే చచ్చిపోయినవి.

పాతదాన్ని తీసేటప్పుడు ఈ నియమం వర్తించదు, ఎలాగూ పారేసేదే.

#12 పానాపెట్టె

ఇప్పుడు స్పష్టంగా ఉంది. ప్రెస్ బదులు మర కడ్డీ వాడితే బలం సరిపోతుందా? కడ్డీ తెగిపోతుందేమోనని సందేహం.

#13 గ్రీజుగన్

లెక్క చూద్దాం. గ్రీజు పూసిన ఎం16 (16 మి.మీ. మర) కడ్డీ నట్టుని 150 న్యూటన్ మీటర్లతో బిగిస్తే లాగే బలం దాదాపు 60 కిలోన్యూటన్లు, అంటే సుమారు 6 టన్నులు. శుభ్రం చేసిన గూట్లోకి బేరింగు దిగడానికి అంత కూడా అవసరం పడకూడదు. 10.9 గ్రేడు ఎం16 కడ్డీ 130 కిలోన్యూటన్ల దాకా సాగకుండా తట్టుకుంటుంది, 8.8 గ్రేడు 90 దాకా. గ్రేడు గుర్తు లేని మామూలు మర కడ్డీ మాత్రం వాడొద్దు. బిగుతు మీద తెగితే ముక్క తూటాలా వస్తుంది.

మరకి, నట్టు కింద వాషరుకి గ్రీజు దట్టంగా పూయండి. ఉత్తగా బిగిస్తే మీరు పెట్టే బలంలో ఎక్కువ భాగం రాపిడికే పోయి, మర కూడా పట్టేస్తుంది. నట్టు కింద చిన్న థ్రస్ట్ బేరింగు పెట్టుకోగలిగితే తేడా చేతికే తెలుస్తుంది. రెండు చివర్లా పళ్లేలు కనీసం 10 మి.మీ. మందం ఉండాలి. పలచని పళ్లెం వంగి బేరింగుని వంకరగా తోస్తుంది.

ఇంపాక్ట్ గన్‌తో మర కడ్డీ తిప్పకండి. చేత్తో అయితే వంకరగా పోతుంటే బిగుతు ఒక్కసారిగా పెరిగినట్టు తెలుస్తుంది, గన్‌కి ఆ తేడా తెలియదు.

#14 కొత్తచేతి

బేరింగుని ఫ్రీజర్‌లో పెట్టి, నకిల్‌ని వేడి చేస్తే సుత్తి కూడా అక్కరలేకుండా జారుతుందంటారు. నిజమేనా?

#15 మైక్రాన్

కొంత నిజం. 80 మి.మీ. గూడు ఉన్న నకిల్‌ని 30 నుంచి 110 డిగ్రీలకి వేడి చేస్తే పోత ఇనుము అయితే వ్యాసం 0.07 మి.మీ. పెరుగుతుంది, అల్యూమినియం అయితే దాదాపు 0.15. ఫ్రీజర్‌లో మైనస్ 18కి చల్లబడిన బేరింగు వ్యాసం 30 డిగ్రీల దగ్గరున్నప్పటికంటే 0.045 మి.మీ. తగ్గుతుంది. బిగుతు కూడా మి.మీ.లో వందో వంతుల్లోనే ఉంటుంది కాబట్టి అల్యూమినియం నకిల్‌లో బేరింగు దాదాపు దానంతటదే దిగుతుంది. పోత ఇనుములో ఇంకా నొక్కాలి, కాకపోతే చాలా తేలిగ్గా.

వేడి చేయడం అంటే ఓవెన్ గానీ, హాట్ ఎయిర్ గన్ గానీ. మంట తగిలించొద్దు, ఒకే చోట వేడెక్కి గూడు గుండ్రం పోతుంది. నకిల్‌లో బాల్ జాయింటో సెన్సరో ఉండిపోతే వేడి జోలికే పోవద్దు. బేరింగుని ఎప్పుడూ వేడి చేయకండి, సీళ్లూ గ్రీజూ 120 డిగ్రీలు దాటితే పాడవుతాయి. ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు గాలి చొరని సంచిలో చుట్టి, గూట్లో పెట్టే నిమిషానికే విప్పండి, లేదంటే చెమ్మ పడుతుంది. అన్ని పనిముట్లూ అమర్చుకుని ఒక్క ఊపులో దింపాలి. సగంలో ఆగితే ఉష్ణోగ్రతలు కలిసిపోయి అక్కడే బిగుసుకుంటుంది.

సుత్తి విషయం: పాతది తీయడానికి నిరభ్యంతరంగా. కొత్తదానికి వద్దు. బయటి రింగు మీదే కొట్టినా దెబ్బ ఒక పక్క పడితే రింగు వంకరపోయి గూడు గీసుకుంటుంది.

#16 తుప్పువదిలించు

హబ్బు బయటికి లాగగానే పాత బేరింగు విడిపోయి, బయటివైపు లోపలి రింగు ఒకటి హబ్బు మెడకి అంటుకుని వస్తుంది. అందరికీ అలాగే వస్తుంది, కంగారు పడొద్దు. దాని వెనక సందు ఉంటే రెండు ముక్కల బేరింగు పుల్లర్ దూర్చి లాగండి. సందు లేకపోతే గ్రైండర్‌తో రింగు మీద ఏటవాలుగా గాడి కోయండి, మందంలో ముప్పాతిక వరకే. ఆ గాడిలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే గట్టి ఉక్కు కాబట్టి పటుక్కున చిట్లి వదులవుతుంది. గ్రైండర్ హబ్బు మెడకి తగిలితే ఆ గీత దగ్గర కొత్త రింగు సరిగా కూర్చోదు. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయొద్దు. చిట్లిన ముక్కలు గాజు పెంకుల్లా ఎగురుతాయి.

రింగు వచ్చాక హబ్బు మెడని వేలితో తడిమి చూడండి. నీలం రంగు తిరిగినా, గాళ్లు పడినా, పాత రింగు చేత్తో తిప్పితే తిరిగేంత వదులుగా ఉన్నా, బేరింగు హబ్బు మీద తిరిగిపోయిందని అర్థం. ఆ హబ్బు మీద కొత్త బేరింగు నిలవదు. హబ్బు కూడా మార్చాల్సిందే. గమ్ము పూసి సరిపెట్టడం చక్రంతో ఆడుకోవడమే.

#17 నాలుగోగేరు

బేరింగు దింపేముందు సర్క్లిప్ ఎక్కడుందో చూడండి. బయటివైపు ఉంటే ముందు దాన్ని తీయకుండా పాత బేరింగుని ఎంత నొక్కినా రాదు, గాడి అంచు విరుగుతుంది. దాని చెవులు తుప్పు పట్టి విరిగితే సన్నని ఉలితో ఒక చివర గాడిలోంచి లేపండి. కొత్తది పెట్టాక చుట్టూ వేలితో తిప్పి చూడండి, పూర్తిగా గాడిలోకి దిగితే కాస్త బిగువుగా తిరుగుతుంది. ఒకచోట ఎత్తుగా ఉంటే బేరింగు ఇంకా అడుగంటా దిగలేదు. తీసి మళ్లీ నొక్కండి, సర్క్లిప్‌ని సుత్తితో కొట్టి కూర్చోబెట్టకండి.

ఏబీఎస్ ఉన్న బేరింగుకి రెండు ముఖాల్లో ఒకటి అయస్కాంత వలయం. చూస్తే మామూలు సీల్‌లాగే గోధుమ రంగులోనో నల్లగానో ఉంటుంది. సన్నని పేపర్ క్లిప్ దగ్గరికి తెస్తే లాగే ముఖమే అది. ఆ ముఖం సెన్సర్ వైపు ఉండాలి, చాలా కార్లలో అంటే గేర్‌బాక్స్ వైపు. తిరగేసి దింపితే బేరింగు బాగానే తిరుగుతుంది, ఏబీఎస్ లైటు మాత్రం వెలిగే ఉంటుంది, బయటికి తీస్తే బేరింగు పోయినట్టే. నొక్కేముందు మార్కరుతో ఆ ముఖం మీద గుర్తు పెట్టుకోండి. అయస్కాంతపు ట్రేలో ఈ బేరింగుని పెట్టొద్దు, ఇనుప రజను ఉన్న బల్ల మీదా పెట్టొద్దు.

కొన్నిటికి మధ్యలో ప్లాస్టిక్ గొట్టం వస్తుంది. లోపలి రింగు ముక్కలు విడిపోకుండా పట్టుకునేది అది. ముందే పీకేయకండి, హబ్బు దిగుతూ దాన్ని తోసేస్తుంది.

#18 మైలురాయి

అందరూ సీల్ బేరింగు గురించే చెప్పారు. వెనక చక్రాలకి డ్రైవ్ ఉన్న పాత బళ్లకి ముందు టేపర్ రోలర్లు రెండు ఉంటాయి కదా, వాటి లెక్క వేరా?

#19 టార్క్‌రెంచి

పూర్తిగా వేరు. అక్కడ నట్టు బిగింపే ప్లేని నిర్ణయిస్తుంది. రేసులు కూడా కొత్తవే పెట్టాలి, రోలరు ఒకటి, రేసు ఇంకొకటి పాతది కలపకూడదు. రోలర్ల మధ్యలోకి అరచేతిలో గ్రీజు పెట్టి అవతలి నుంచి బయటికి వచ్చేదాకా అదుముతూ నింపండి. చక్రం తిప్పుతూ నట్టుని గట్టిగా బిగించి, రోలర్లు సర్దుకున్నాక వదులు చేసి, మళ్లీ వేళ్లతో తిప్పినంత బిగువుకే తెచ్చి కొత్త స్ప్లిట్ పిన్ పెట్టాలి. డయల్ గేజి ఉంటే 0.025 నుంచి 0.125 మి.మీ. మధ్య ప్లే ఉండాలి. వీటిని సీల్ బేరింగులా టార్క్ పెట్టి బిగిస్తే వేడెక్కి పట్టేస్తాయి.

పానాపెట్టె గారి సీల్ బేరింగుకి దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ నట్టు లోపలి రింగు రెండు ముక్కల్ని ఒకదానికొకటి ఆనేలా నొక్కి పట్టాలి, ప్రీలోడ్ (గోళీల మీద ముందే ఉండే బిగువు) ఫ్యాక్టరీలోనే కుదిరి ఉంటుంది. టార్క్ తక్కువైతే ముక్కలు ఎడమై గోళీలు ఊగుతాయి. నట్టు టార్క్ చాలా కార్లకి 180 నుంచి 300 న్యూటన్ మీటర్ల మధ్యలో ఉంటుంది, కొన్నిటికి టార్క్ తర్వాత డిగ్రీల లెక్క కూడా ఉంటుంది. మీ కారు సర్వీసు మాన్యువల్ అంకెకే బిగించండి, ఈ పరిధిలోంచి ఒక అంకె ఊహించుకోవద్దు.

బిగించే వరస: షాఫ్ట్ హబ్బులోకి ఎక్కించి నట్టు చేత్తో పట్టించండి, జాయింట్లూ స్ట్రట్టూ గీతలకి కలిపి బిగించండి. డిస్కూ కాలిపరూ పెట్టాక బ్రేకు పెడలు గట్టిపడేదాకా తొక్కి, ఒకరు పట్టి ఉంచగా చక్రం గాల్లో ఉండగానే నట్టుని పూర్తి టార్క్‌కి తేవాలి. ఆ తర్వాతే బరువు నేల మీదకి. చివరి బిగింపుకి ఇంపాక్ట్ గన్ వద్దు. ఆఖరున నట్టు అంచుని మొద్దు పంచ్‌తో షాఫ్ట్ గాడిలోకి నొక్కండి.

డిస్కు పెట్టేముందు హబ్బు ముఖం మీద తుప్పు పూర్తిగా రుద్దండి. అక్కడ 0.03 మి.మీ. పొర ఉన్నా డిస్కు అంచు దగ్గర రెండింతలై బ్రేకు పెడలు అదురుతుంది.

#20 పానాపెట్టె

హబ్బు మెడ నున్నగానే ఉంది, సర్క్లిప్ చుట్టూ దిగింది, నట్టు టార్క్ అయింది. మోత లేదు. రెండు అనుమానాలు: చక్రం చేత్తో తిప్పితే పాతదానికంటే బరువుగా తిరిగి తొందరగా ఆగిపోతోంది. ఇంకోటి, ఎడమ వైపుది కూడా మార్చేయాలా?

#21 గ్రీజుగన్

కొత్త సీళ్లు, కొత్త గ్రీజు. కొంచెం బరువుగా, ఎక్కడా గరుకు లేకుండా ఒకేలా తిరిగితే మామూలే. పాతది బొంగరంలా తిరిగిందంటే దాని గ్రీజు పోయిందని అర్థం. తిప్పుతుంటే ఒకేచోట పట్టి వదులుతుంటే మాత్రం ఆగి చూడండి, డిస్కు వెనక మట్టి కవచం వంగి రాసుకోవడం ముందుగా చూడాల్సిన కారణం. చేత్తో వెనక్కి వంచితే సరి.

రెండో వైపు అవసరం లేదు. బ్రేకు ప్యాడ్లలా జతగా మార్చాల్సిన వస్తువు కాదిది. ఒక వైపు గుంతలో పడ్డ దెబ్బకో, సీలు దాటి వెళ్లిన నీటికో పోతుంది. బాగున్న బేరింగుని నొక్కి తీస్తే అది పోయినట్టే.

#22 మైక్రాన్

ఇక్కడ గ్రీజుగన్ గారితో ఏకీభవిస్తా. కాకపోతే చక్రాల స్పేసర్లు గానీ, అసలు రిమ్ముకంటే బయటికి వచ్చే వెడల్పు రిమ్ములు గానీ ఉంటే రెండో వైపు కూడా త్వరలో వస్తుంది. చక్రం బయటికి జరిగినకొద్దీ బరువు బేరింగు మధ్య నుంచి తప్పి బయటి వరస మీద పడుతుంది. ముందు ఆ కారణం తీసేయాలి.

మొదటి 20, 30 కి.మీ. నడిపాక, గట్టిగా బ్రేకులు వేయకుండా ఆపి, రెండు హబ్బుల మధ్య భాగం చేత్తో పోల్చి చూడండి. గోరువెచ్చగా రెండూ ఒకేలా ఉండాలి. ఒకటి చేయి పెట్టలేనంత కాలితే అది బ్రేకు పట్టేయడమో, బేరింగు వంకరగా దిగడమో. స్ట్రట్ బోల్టులు విప్పారు కాబట్టి అలైన్‌మెంట్ ఒకసారి చూపించండి.

#23 కొత్తచేతి

ఏబీఎస్ లైటు వెలిగితే ముఖం తిరగేసినట్టేనా, ఇంకేమైనా చూడొచ్చా?

#24 నాలుగోగేరు

ముందు తేలికవి చూడండి. కనెక్టర్ పూర్తిగా దూరిందా, వైరు చక్రానికో స్ప్రింగుకో రాసుకుంటోందా, సెన్సర్ మొన మీద గ్రైండింగ్ రజను అంటుకుందా. సెన్సర్ కూర్చునే రంధ్రం కింద తుప్పు పొర ఉబ్బితే సెన్సర్ పైకి లేచి వలయానికి దూరమవుతుంది. ఆ సందు సాధారణంగా ఒక మి.మీ. అటూ ఇటూగానే ఉంటుంది, అర మి.మీ. తుప్పు చాలు దాన్ని చెడగొట్టడానికి. బండి కదిలిన వెంటనే కాకుండా నెమ్మదిగా వెళ్లేటప్పుడే లైటు వచ్చి పోతుంటే సందు అనుమానం బలమైనది.

#25 తుప్పువదిలించు

పాత బేరింగు బయటి రింగుని పారేయకండి. కొత్తదాన్ని దింపడానికి అంతకంటే సరైన కొలత కప్పు దొరకదు. కాకపోతే అలాగే వాడితే అది కూడా గూట్లోకి దిగి బిగుసుకుంటుంది. గ్రైండర్‌తో చుట్టూ అర మి.మీ. అరగదీసి, అడ్డంగా ఒకచోట పూర్తిగా చీల్చి ఉంచుకోండి. లోపలికి దిగినా చీలిక వల్ల ముడుచుకుని వేళ్లతో బయటికి వచ్చేస్తుంది.